చిట్టి భయం టోపీల దాకా ఎందుకు పాకింది?

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ళ ఆడకుక్క ఉంది. పేరు చిట్టి. ఎనిమిది నెలల కిందట గేటు దగ్గర హెల్మెట్ పెట్టుకున్న ఒకతను దాన్ని కాలితో గట్టిగా తన్నాడు. ఆ రోజు నుంచి హెల్మెట్ కనిపిస్తే చాలు, వణుకుతూ మంచం కిందకి దూరుతుంది, లేదంటే మీదికి ఉరికేలా మొరుగుతుంది. మొదట్లో హెల్మెట్లకే ఉండేది, తర్వాత టోపీలకి పాకింది. మొన్న మా బాబు ప్లాస్టిక్ గిన్నె నెత్తిన బోర్లించుకుని ఆడుకుంటుంటే వాడిని చూసి కూడా మొరిగింది. మావారు "వదిలేస్తే ముదురుతుంది, రెండు తగిలించాలి" అంటున్నారు. ఇంకో వింత ఏమిటంటే, హాల్లో "కూర్చో" అనగానే కూర్చునే చిట్టి, వీధిలోకి వెళ్తే ఆ మాట ఎప్పుడూ విననట్టు చూస్తుంది. చెడ్డదేమో అన్నిటికీ అంటించుకుంటుంది, నేర్పిన మంచి మాత్రం హాలు దాటదు. దీనికి తెలివి తక్కువా? మేమేమైనా తప్పు చేశామా?

సమాధానం:

మీ ఆఖరి రెండు ప్రశ్నలకి ముందు జవాబు చెప్పేస్తాను. చిట్టికి తెలివి తక్కువ కాదు. తప్పు మీదీ కాదు. మీవారికి మాత్రం నాదొక విన్నపం: దయచేసి చెయ్యి ఎత్తకండి. ఎందుకో కింద చెబుతాను.

తాడుని చూసి పాము అనుకుని ఉలిక్కిపడటం మనందరికీ తెలిసిందే. చిట్టి గిన్నెని చూసి మొరిగిందంటే అలాంటి పొరపాటే పడిందని మీరు అనుకుని ఉంటారు. కానీ ఇక్కడ జరుగుతున్నది వేరు. తాడు విషయంలో మన కన్ను మోసపోతుంది. దీపం తెచ్చి చూస్తే భయం పోతుంది. చిట్టి కన్ను మోసపోలేదు. ఆ గిన్నె కింద ఉన్నది మీ బాబే అని దానికి తెలుసు, వాసన కూడా తెలుసు. గిన్నె హెల్మెట్ కాదనీ తెలుసు. తేడా తెలిసి కూడా, "పోలిక ఉంది కదా, ఎందుకైనా మంచిది" అని జాగ్రత్త పడుతోంది. దీన్నే మనస్తత్వ శాస్త్రంలో సామాన్యీకరణ అంటారు. ఒకదాని దగ్గర నేర్చుకున్న స్పందన, దాన్ని పోలిన మిగతావాటికీ పాకడం.

ఈ తేడాని చక్కగా చూపించిన ప్రయోగం ఒకటుంది. 1956లో గట్‌మన్, కాలిష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పావురాలతో చేశారు. పావురం ముందు ఒక చిన్న బిళ్ళ, దాని వెనక ఒక రంగు దీపం. బిళ్ళని ముక్కుతో పొడిస్తే అప్పుడప్పుడు గింజలు దొరుకుతాయి. ఒక్కో గుంపుకి ఒక్కో రంగుతోనే అలవాటు చేశారు. తర్వాత గింజలు ఆపేసి, రకరకాల రంగులు చూపిస్తూ ఎన్నిసార్లు పొడుస్తున్నాయో లెక్కపెట్టారు. అలవాటైన రంగుకి అన్నిటికన్నా ఎక్కువ పొడిచాయి. పక్క రంగుకి కాస్త తక్కువ, ఇంకా దూరపు రంగుకి ఇంకా తక్కువ. గ్రాఫ్ గీస్తే మధ్యలో శిఖరం, రెండు వైపులా వాలు.

పావురాలకి ఆ రంగుల తేడా తెలియక కాదు. మూడేళ్ళ తర్వాత, 1959లో, హాన్సన్ అనే శాస్త్రవేత్త 550 నానోమీటర్ల (వెలుగు రంగుని కొలిచే లెక్క ఇది) వెలుగుకి గింజలు ఇచ్చి, 555కి ఇవ్వకుండా నేర్పిస్తే ఆ రెంటినీ వేరు చేసి చూపించాయి. అంత దగ్గరి రంగుల తేడా పట్టుకోగల కళ్ళు వాటివి. తేడా ముఖ్యమని ఎవరూ చెప్పనంత వరకే రెంటినీ ఒకే గాటన కట్టాయి.

మీ చిట్టి మనసులో కూడా అలాంటి వాలే ఉంది. శిఖరం మీద ఆ రోజు తన్నినవాడి హెల్మెట్. కొంచెం కిందికి వస్తే మిగతా హెల్మెట్లు, ఇంకా కింద టోపీలు, వాలు చివర గిన్నె. మీకు భయం పెరుగుతున్నట్టు కనిపిస్తోంది గానీ, నాకు మీ ఉత్తరంలో ఆ వాలు పటం కనిపించింది. గిన్నెకి అది మొరిగింది అన్నారు, వణికింది అనలేదు. ఆ చిన్న తేడాని గుర్తుపెట్టుకోండి, చికిత్స అంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

పాపం దానికెందుకీ బాధ అనిపిస్తుంది కదా. కానీ ఒక్కసారి పక్షి వైపు నుంచి ఆలోచించండి. కందిరీగ చేత కుట్టించుకున్న పక్షి, ఆ తర్వాత పసుపు, నలుపు చారలున్న పురుగు దేన్నీ ముట్టదు. కొన్ని ఈగలకి కొండి ఉండదు, విషం ఉండదు, చారలు మాత్రం కందిరీగవే. ఆ చారలతోనే అవి బతికిపోతున్నాయి. పక్షికి ఒక పూట తిండి పోతే పోయింది, రెండోసారి కుట్టించుకోవడం తప్పింది. అచ్చం మొదటిసారి చూసిన కందిరీగే మళ్ళీ ఎదురుపడితే తప్ప భయపడను అని కూర్చునే పక్షి ఎక్కువ రోజులు బతకదు. ప్రపంచంలో ఏదీ రెండోసారి అచ్చం అలాగే ఎదురుకాదు. అందుకే పోలికతో నేర్చుకోవడం ప్రాణులకి పుట్టుకతో వచ్చింది. భయం విషయంలో ఆ వల మరీ వెడల్పుగా పడుతుంది, ఎందుకంటే అక్కడ పొరపాటుకి మూల్యం ప్రాణం.

మనుషుల్లోనూ ఇంతే. 1920లో వాట్సన్, రేనర్ అనే శాస్త్రవేత్తలు ఒక పదకొండు నెలల పసివాడి మీద ప్రయోగం చేశారు. పిల్లాడు తెల్ల ఎలుకని ముట్టుకోబోయినప్పుడల్లా వెనక ఇనప కడ్డీ మీద సుత్తితో మోగించారు. కొన్నిసార్లకే పిల్లాడు ఎలుకని చూసి ఏడవడం మొదలుపెట్టాడు. కొన్ని రోజుల తర్వాత కుందేలుని చూసి ఏడ్చాడు, బొచ్చు కోటుకి కూడా వెనక్కి జరిగాడు. ఆడుకునే చెక్క దిమ్మలతో మాత్రం హాయిగా ఆడుకున్నాడు. దిమ్మలకి ఎలుక పోలిక లేదు కాబట్టి భయం అక్కడి దాకా రాలేదు. ఆ ప్రయోగం గురించి చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. పిల్లాడికి భయం నేర్పారు, పోగొట్టకుండానే పంపేశారు.

పోగొట్టే దారి చూపించింది మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, 1924లో. మూడేళ్ళు నిండని పీటర్ అనే పిల్లాడికి కుందేలంటే భయం. ఎలుకన్నా, బొచ్చు కోటన్నా, ఈకలన్నా, దూదన్నా కూడా భయమే. పిల్లాడు ఇష్టంగా తింటూ ఉండగా కుందేలుని గదికి ఆ చివర ఉంచి, రోజురోజుకీ కాస్త కాస్త దగ్గరికి తెచ్చారు. చివరికి ఒక చేత్తో తింటూ రెండో చేత్తో కుందేలుని నిమిరే దాకా వచ్చాడు. మీకోసం చెప్పాల్సింది దీని తర్వాతి సంగతి. కుందేలు భయం పోయాక చూస్తే, కోటు, ఈకలు, దూది అంటే భయం కూడా పోయింది. వాటితో విడిగా ఎవరూ ఏమీ చెయ్యలేదు. అంటే ధైర్యం కూడా పోలిక వెంట పాకుతుంది. భయం పాకినంత వేగంగా, అంత దూరం పాకదు, కానీ పాకుతుంది.

ఇప్పుడు "కూర్చో" సంగతి. మీరు ఒక మాట నేర్పాననుకున్నారు. చిట్టి ఒక దృశ్యం నేర్చుకుంది. హాలు, మీరు నిలబడిన చోటు, మీ చేతిలో తిండి ముక్క, వంగిన మీ నడుం, వీటన్నిటి మధ్య "కూర్చో" అనే చప్పుడు. ఇందులో ఏది ముఖ్యమో దానికెలా తెలుస్తుంది? కావాలంటే ఇవాళే పరీక్ష చెయ్యండి. హాల్లోనే, కుర్చీలో కూర్చుని, దానికి వీపు పెట్టి "కూర్చో" అనండి. చాలా కుక్కలు అయోమయంగా మీ ముందుకి వచ్చి మొహం చూస్తాయి. మాట మారలేదు, దృశ్యం మారింది.

జంతువు దేన్ని పట్టించుకుంటుందనేది మనం చూపించే తేడా మీద ఆధారపడుతుంది. 1960లో జెంకిన్స్, హారిసన్ అనే శాస్త్రవేత్తలు పావురాలకి ఒక స్వరం వినిపిస్తూ గింజలు ఇచ్చారు. కొన్నిటికి ఆ స్వరం ఎప్పుడూ మోగుతూనే ఉంది. వాటికి తర్వాత ఏ స్వరం వినిపించినా ఒకేలా పొడిచాయి, అసలు స్వరాన్ని లెక్కలోకే తీసుకోలేదు. మిగతావాటికి స్వరం ఉంటేనే గింజలు, లేకపోతే లేవు అని నేర్పారు. అవి మాత్రం ఆ స్వరానికే ఎక్కువగా పొడిచి, దూరపు స్వరాలకి తగ్గించాయి. ఎప్పుడూ ఉండేదాన్ని ఎవరూ గమనించరు. ఉన్నప్పటికీ లేనప్పటికీ ఫలితం మారినప్పుడే గమనిస్తారు. కాబట్టి "కూర్చో"కి మందు ఏమిటంటే, ఆ మాట తప్ప మిగతావన్నీ మార్చెయ్యడం. హాల్లో, వంటింట్లో, వరండాలో, గేటు లోపల, గేటు బయట. మీరు నిలబడి, కూర్చుని, పక్కకి తిరిగి. మీరొకసారి, మీవారొకసారి. ప్రతి కొత్త చోటా మొదటి రోజు నేర్పినట్టే తేలిగ్గా మొదలుపెట్టండి. "వచ్చినదే కదా, ఎందుకు చెయ్యదు" అని విసుక్కోవద్దు. అయిదారు చోట్ల పట్టుబడ్డాక, ఏడో చోట నేర్పే పనే ఉండకపోవచ్చు.

హెల్మెట్ భయానికి వస్తే, పీటర్ దారే చిట్టి దారి. శిఖరం మీద మొదలుపెట్టకూడదు, వాలు చివర మొదలుపెట్టాలి. పోలిక ఒక్క ఆకారంలోనే లేదు. దూరం, కదలిక, మనిషి ఉన్నాడా లేడా, తెలిసినవాడా కాదా, గేటు దగ్గరా వేరే చోటా, ఇవన్నీ కలిస్తేనే ఆ రోజు జరిగిన సంఘటన. ఒకేసారి ఒకటే పెంచాలి. మొదట ఎవరి తలమీదా లేని గిన్నెని గదికి ఆ చివర నేల మీద పెట్టండి. చిట్టి దాన్ని చూసింది, వెంటనే దానికి బాగా ఇష్టమైన ముక్క ఒకటి. గిన్నె తీసేశారు, ముక్కలు ఆగిపోయాయి. ఈ వరస ముఖ్యం. ముక్క ముందు చూపించి తర్వాత గిన్నె బయటికి తీస్తే, కొన్నాళ్ళకి ముక్కని చూసినా అనుమానపడుతుంది. గిన్నె తర్వాత టోపీ, టోపీ తర్వాత నేల మీద హెల్మెట్. ఆ తర్వాత మీ చేతిలో హెల్మెట్. దాని కళ్ళ ముందే మీరు పెట్టుకుని తియ్యడం. చాలా రోజుల తర్వాత, పరిచయమున్న ఇంకొకరు హెల్మెట్ పెట్టుకుని దూరంగా, కదలకుండా, పక్కకి తిరిగి నిలబడటం. నడవడం, దగ్గరికి రావడం అన్నిటికన్నా చివర. ఒక్కో పూట అయిదు నిమిషాలు దాటొద్దు.

ఇంకో మాట. హాన్సన్ పావురాలు నేర్పిన 550 కన్నా, 555కి ఇంకాస్త ఎడంగా ఉన్న 540 దగ్గర ఎక్కువ పొడిచాయి. శిఖరమే పక్కకి జరిగింది. చిట్టికి కూడా మీ ఇంట్లోవాళ్ళ తలలు మంచివనీ, ఆ తల చెడ్డదనీ తేడా పడి ఉంటే, తన్నినవాడి హెల్మెట్ కన్నా పెద్దది, నల్లది, మొహం మొత్తం మూసేది కనిపించినప్పుడు ఇంకా ఎక్కువ బెదరొచ్చు. అలాంటిది ఎదురైతే వెనక్కి పోయిందని కంగారు పడకండి. మెట్ల వరసలో దాన్ని ఇంకా పైన పెట్టుకోండి.

ఎంత వేగంగా వెళ్ళాలో చిట్టే చెబుతుంది. మా ఇంట్లో ఒకప్పుడు ఉన్న కుక్కకి గొడుగంటే భయం ఉండేది. దాని పక్కనే ఎవరో టప్పున గొడుగు తెరిచారు, అంతే. తర్వాత చేతికర్ర, చుట్టిన చాప, మడిచిన పేపరు, సన్నగా పొడుగ్గా ఉన్నదేదైనా చేతిలో కనిపిస్తే పక్కకి తప్పుకునేది. మూసిన గొడుగుని గోడకి ఆనించి నేను మొదలుపెట్టిన రోజు బాగా గుర్తుంది. అది నిలబడే ఉంది, పారిపోలేదు. నేను సంతోషపడ్డాను. కానీ ముక్క ఇస్తే పళ్ళతో గట్టిగా లాక్కుంది, మామూలుగా పెదవులతో నెమ్మదిగా అందుకునే కుక్క. తిండేమీ లేకుండానే నాలికతో ముక్కు తడుపుకుంది. ఒక ముందుకాలు సగం ఎత్తి అలాగే ఉంచింది. అప్పుడు తెలిసింది, అది ధైర్యంగా నిలబడలేదు, బిగుసుకుపోయి నిలబడిందని. గొడుగుని ఇంకో నాలుగు అడుగులు వెనక్కి జరిపాను. కాలు నేల మీదికి వచ్చింది, మెడ వదులైంది. అది మా మొదటి మెట్టు. చిట్టిలో కూడా ఇవే చూడండి: ఆవలింతలు, ముక్కు నాక్కోవడం, ఊపిరి బిగపట్టడం, ముక్కని లాక్కోవడం, ఇంకా టెన్షన్ పెరిగితే ఇష్టమైన ముక్కని కూడా వద్దనడం. తినడం మానేసిందంటే మీరు అప్పటికే రెండు మెట్లు ఎక్కువ ఎక్కేశారన్నమాట.

తొందరపడితే ఏమవుతుందో రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగశాలలోని ఒక కుక్క చూపించింది. షెంగెర్-క్రెస్తోవ్నికోవా అనే ఆవిడ దానికి గుండ్రటి వలయం కనిపిస్తే తిండి, కోడిగుడ్డులా సాగదీసిన వలయం కనిపిస్తే తిండి లేదు అని నేర్పింది. బాగా నేర్చుకుంది. తర్వాత ఆ రెండోదాన్ని కొంచెం కొంచెంగా గుండ్రంగా మారుస్తూ వచ్చారు. నిడివి, వెడల్పు తొమ్మిదికి ఎనిమిది దాకా వచ్చేసరికి కుక్కకి తేడా తెలియడం కష్టమైపోయింది. మూడు వారాలు అక్కడే నిలబెట్టారు. అంతవరకూ బుద్ధిగా నిలబడిన కుక్క కీచుమని అరవడం, గింజుకోవడం, పరికరాలని కొరకడం మొదలుపెట్టింది. ముందు తేలిగ్గా చెప్పగలిగిన తేడాలు కూడా మర్చిపోయింది. దానికి తప్పు చేసే హక్కు లేకుండా, తప్పుకునే దారి లేకుండా చేశారు. చిట్టికి ఎప్పుడూ తలుపు తెరిచి ఉంచండి. గదిలోంచి వెళ్ళిపోవాలనిపిస్తే వెళ్ళనివ్వండి. తాడు కట్టి హెల్మెట్ ముందు నిలబెట్టడం మాత్రం వద్దే వద్దు.

ఇప్పుడు మీవారి మాట. ఆయనకి కుక్క మీద కోపం లేదని నాకు తెలుసు, ఎవరినైనా కరుస్తుందేమో అన్న దిగులు అది. కానీ కొట్టగానే ఏం జరుగుతుందో చూడండి. చిట్టి లెక్కలో హెల్మెట్ కనిపించింది, నొప్పి వచ్చింది. మొదటి రోజు జరిగినదే మళ్ళీ జరిగింది. వాలు ఇంకా ఎత్తయింది. పైగా ఈసారి నొప్పి వచ్చింది ఇంట్లోవాళ్ళ చేతి నుంచి. రేపు ఎత్తిన చెయ్యి, వేగంగా వచ్చే అడుగులు, ఆయన గొంతు, వీటన్నిటికీ ఆ భయం పాకొచ్చు. మొరుగుడు ఆగినా నమ్మడానికి లేదు. మొరగడం మానేసి నేరుగా కరిచే కుక్క అన్నిటికన్నా ప్రమాదం, ముందస్తు హెచ్చరిక మనమే తీసేశాం కాబట్టి.

మీ శ్రమ ఫలించడం మొదలయ్యాక ఒక రోజు మీకు నీరసం వస్తుంది, ముందే చెబుతున్నాను. హాల్లో హెల్మెట్ పక్కనే నిద్రపోయే చిట్టి, గేటు దగ్గర మళ్ళీ పాత చిట్టి అయిపోతుంది. భయం చెరిగిపోదు. దాని పక్కన "ఇక్కడ పరవాలేదు" అనే కొత్త పాఠం చేరుతుంది, అంతే. ఆ కొత్త పాఠం నేర్చుకున్న చోటుకి అతుక్కుని ఉంటుంది, అచ్చం మీ "కూర్చో" లాగే. మార్క్ బౌటన్ అనే శాస్త్రవేత్త ఎలుకలతో ఏళ్ళ తరబడి చూపించిన విషయం ఇదే: ఒక చోట పోగొట్టిన భయం, చోటు మారిస్తే తిరిగి వస్తుంది. అందుకని మెట్లన్నీ హాల్లో ఒకసారి, వరండాలో ఒకసారి, వీధిలో ఒకసారి, అన్నిటికన్నా చివర గేటు దగ్గర ఒకసారి ఎక్కించాలి. రెండోసారి, మూడోసారి త్వరగానే ఎక్కేస్తుంది. ఈలోగా నిజమైన హెల్మెట్లు గేటు దగ్గరికి వచ్చే వేళల్లో దాన్ని వెనక గదిలో ఉంచండి. మీరు పది రోజులు కట్టినదాన్ని ఒక్క చెడ్డ సాయంత్రం కూల్చేస్తుంది.

పశువైద్యుడికి ఒకసారి చూపించండి. ఆ తన్ను ఎక్కడ తగిలిందో, లోపల నొప్పి ఇంకా ఉందేమో చూడమని అడగండి. 2018లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, శబ్దాలంటే భయపడే కుక్కల్లో కీళ్ళ, కండరాల నొప్పి ఉన్నవాటికి ఆ భయం మిగతా చోట్లకి, మిగతా కుక్కలకి ఎక్కువగా పాకినట్టు కనిపించింది. ఉలిక్కిపడ్డప్పుడల్లా ఒళ్ళు బిగుస్తుంది, బిగిసినప్పుడల్లా నొప్పి కలుగుతుంది. నొప్పి అలాగే ఉంటే మనం ఎన్ని ముక్కలు పెట్టినా పాఠం నిలబడదు. చిట్టి ఎవరి మీదికైనా నిజంగా ఉరికినా, పళ్ళు తగిలించినా, ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. కుక్కల ప్రవర్తన తెలిసినవాళ్ళ సాయం తీసుకోండి.

మీ బాబుకి మాత్రం కొన్నాళ్ళు గిన్నె ఆట వద్దని చెప్పండి. కోప్పడకుండా, వాడికి కారణం చెప్పే చెప్పండి. పిల్లలు ఇలాంటివి మనకన్నా బాగా అర్థం చేసుకుంటారు. మొదటి రోజు గిన్నె పెట్టినప్పుడు ఎన్ని అడుగుల దూరంలో చిట్టి ముక్కని పెదవులతో మెల్లగా అందుకుందో, ఆ అంకె వాడి చేతే గోడ మీది క్యాలెండర్‌లో రాయించండి. రెండు వారాల తర్వాత ఆ అంకె ఎంతకి తగ్గిందో నాకు రాయండి. తగ్గకపోయినా రాయండి.